నరాంహో మెట్లు తిరగరాసిన మాయా చరిత్ర

గ్వాటెమాలాలోని ప్రాచీన మాయా నగరం నరాంహో శిథిలాల్లో 1905లో అన్వేషకుడు టియోబెర్ట్ మాలర్‌కు శాసనాలు చెక్కిన మెట్లు దొరికాయి. వాటిలో ఉన్నది నరాంహో ఘనత కాదు, దాన్ని ఓడించిన మరో మాయా నగరం కరకోల్ రాజు ఘనత. గెలిచినవాడు ఓడినవాడి వాకిట్లోనే తన ప్రశస్తి చెక్కించాడని పండితులు చాలాకాలం అనుకున్నారు. కానీ రాళ్లు వరుస తప్పి ఉన్నాయి. ఒక రాయి మీది వాక్యం పక్క రాయికి అందదు. అదే మెట్లకు చెందిన ముక్క ఒకటి 40 కిలోమీటర్ల అవతల కరకోల్‌లోనే బయటపడింది. 2016లో మరో రెండు ఫలకాలు బెలీజ్‌లోని షునాంతునిచ్‌లో దొరికాయి.

ఇప్పుడు బలంగా నిలిచిన వాదన వేరు. 642లో ఈ మెట్లు కట్టింది కరకోల్‌లో. 680లో నరాంహో ఎదురుదెబ్బ తీసి, వాటిని ఊడబెరికి ఎత్తుకుపోయింది. ఆ దెబ్బను కరకోల్ తన గచ్చు రాతలో తానే నమోదు చేసుకుంది. మాయా రాజులు తమ ఓటమిని రాసుకోవడం చాలా అరుదు. అందుకే శాసనంలో ఏముందో చూసేముందు ఆ రాయి తన చోటనే ఉందా అని అడగాలి.

మాయా రాజకీయమంతా ఎవరు ఎవరి కింద అన్నదాని చుట్టూ తిరుగుతుంది. దానికి తాళంచెవి 'ఉకబ్జీయ్' అనే క్రియ, అంటే 'ఫలానావాడి ఆధ్వర్యంలో'. కరకోల్ 21వ బలిపీఠం ప్రకారం 553లో అక్కడి రాజు గద్దెనెక్కింది టికాల్ అనే పెద్ద మాయా నగరపు ప్రభువు ఆధ్వర్యంలో. మూడేళ్లకే, 556లో, అదే టికాల్ కరకోల్ మీద గొడ్డలి ఎత్తింది. 562లో టికాల్ మీద 'నక్షత్ర యుద్ధం', అంటే శాసనాల్లో నక్షత్ర చిహ్నంతో రాసే పెద్ద యుద్ధం, జరిగింది. గెలిచినవాడి పేరున్న చోట రాయి బాగా అరిగిపోయింది. శాసనం కరకోల్‌ది కాబట్టి గెలుపూ కరకోల్‌దే అనుకున్నారు. మిగిలిన గీతలను బట్టి అది కానుల్, అంటే పాము వంశపు రాజు పేరని మాయా శాసనాల పండితుడు సైమన్ మార్టిన్ వాదించాడు. నాకూ అదే సబబనిపిస్తుంది. 546లోనే నరాంహో రాజును గద్దెనెక్కించినది ఆ వంశమే. టికాల్ చుట్టూ ఉచ్చు అప్పటికే బిగుస్తోంది.

ఆ తర్వాత దాదాపు 130 ఏళ్లు టికాల్‌లో తేదీ వేసిన శిల నిలబడలేదు. ఊరు పాడుబడిందని కాదు, రాజ సమాధులు ఆ కాలానివీ ఉన్నాయి. మౌనం వీడింది టికాల్ రాజు హసావ్ చాన్ కవీల్ కాలంలో. ఒకటో ఆలయంలో ద్వారం మీది సపోటా చెక్క దూలంపై '11 ఎట్స్‌నాబ్ 11 చెన్' అని, అంటే రోజు, నెల మాత్రమే, ఉంది. ఈ తేదీ 52 ఏళ్లకోసారి తిరిగొస్తుంది. శక సంవత్సరం లేకుండా 'ప్రభవ' అని మాత్రమే వేసిన మన శాసనం 60 ఏళ్ల తేడాతో తికమకపెట్టినట్టే ఇదీ. దగ్గరి సంఘటనల నుంచి రోజులు లెక్కగడితే అది, మాయావాళ్ల కాలగణన ఆది దినం నుంచి రోజులు లెక్కించే పద్ధతిలో, 9.13.3.7.18 అని తేలుతుంది. ఈ అంకెలను ఎడమ నుంచి వరుసగా బక్తున్‌కు 1,44,000, కతున్‌కు 7,200, తున్‌కు 360, వినల్‌కు 20 చొప్పున గుణించి, మిగిలిన 18 రోజులు కలిపితే 13,90,838 రోజులు. మన లెక్కలో అది 695 ఆగస్టు.

ఆ రోజు పాము వంశపు రాజు యుక్నోమ్ యిచాక్ కాక్ ఓడిపోయాడు. సరిగ్గా 40 రోజులకు టికాల్‌లో విజయోత్సవం. ఆ రోజునే ఎందుకు? 378లో వచ్చిన కొత్త వంశానికి మూలపురుషుడు, మధ్య మెక్సికోలోని మహానగరం టియోతివాకాన్‌తో ముడిపడ్డ ప్రభువు 439లో చనిపోయిన నాటినుంచి ఆ రోజుకు 13 కతున్‌లు, అంటే 93,600 రోజులు నిండాయి. పాత వైభవం తిరిగొచ్చిందని హసావ్ తేదీతోనే చాటాడు.

ఇంతకీ ఓడిన రాజు ఏమయ్యాడు? టికాల్‌లో బలిచ్చారని చాలామంది నమ్మారు. దూలం మీద ఉన్నదల్లా 'అతని చెకుముకి, అతని డాలు కూలాయి' అన్న మాటే, అంటే సైన్యం ఓడింది. పాము వంశపు రాజధాని కలక్‌ముల్‌లోని రెండో కట్టడంలో తవ్విన నాలుగో సమాధిలో అతని పేరు రాసిన పళ్లెం దొరికింది. ఆ సమాధి అతనిదేనని తవ్వినవాళ్ల నిర్ణయం. అంటే అతన్ని పూడ్చింది సొంత రాజధానిలో, రాజలాంఛనాలతో.