'నాకు బాగానే కనపడతా ఉందిలే' గారికి

మహారాజశ్రీ 'నాకు బాగానే కనపడతా ఉందిలే' గారికి,

నాకు షుగరు వచ్చి తొమ్మిదేళ్లయింది. మాత్రలు మారాయి, డాక్టర్లు మారారు, మా ఇంట్లో బియ్యం కొలత కూడా మారింది. మీరు మాత్రం మారలేదు. "ఒకసారి కళ్లు చూపించుకోండి" అని మా ఆవిడ నోరు తెరిస్తే చాలు, నాకంటే ముందు మీరే జవాబు చెప్పేవారు.

మీకు సాక్ష్యాలకు కొదవా? చేపల పులుసులో సన్న ముల్లు కూడా ఏరేస్తాను. ట్రంకు రోడ్డుకు ఇవతల నిలబడి అవతల షాపు మీద 'మలైకాజా' అన్న బోర్డు చదివేస్తాను. (చదివి ఊరుకున్నానని అనను.) పోయినేడు కళ్లజోడు షాపులో నంబరు కూడా చూపించుకున్నాను. ఇంకేం పరీక్ష అన్నారు మీరు.

మొన్న ఆవిడ పోరు పడలేక వెళ్లాను. కంట్లో చుక్కలు వేసి అరగంట కూర్చోబెట్టారు. కంటిపాప పెద్దదైతేగానీ వెనకున్న రెటీనా, అదే బొమ్మ పడే పొర, పూర్తిగా కనపడదట. తర్వాత ఫొటో చూపించారు. ఎడమకంట్లో ఎర్రచుక్కలు, అక్కడక్కడ పసుపు మచ్చలు. సన్నటి రక్తనాళాలు షుగరుకు దెబ్బతిని కారుతున్నాయట. మా వీధిలో మంచినీళ్ల పైపు కారితే రోడ్డంతా తెలుస్తుంది. ఇది సొంతదారుకే తెలియలేదు! కారడం ఇంకా చూపుకు కీలకమైన నడిమధ్యకు రాలేదు కాబట్టి ముల్లూ కనపడుతోంది, బోర్డూ కనపడుతోంది. అక్కడికొచ్చాక లేజరు పెట్టినా, కంట్లో ఇంజెక్షన్లు వేసినా, పోయిన చూపంతా తిరిగొస్తుందన్న గ్యారంటీ లేదట. మరి కళ్లజోడు షాపు? అక్కడ చూసింది అద్దాల నంబరే, అదీ షుగరు ఎక్కి దిగితే మారిపోయేది.

మీ అన్నగారు 'షుగరు కంట్రోల్లోనే ఉందిగా' కూడా నాతో వచ్చారు. డాక్టరు ఆయన్నీ పట్టించుకోలేదు. నాలాంటి టైప్-2 షుగరుకైతే అది బయటపడినప్పుడే మొదటి పరీక్ష, ఏమీ లేకపోయినా ఆపైన ఏడాదికోసారి చేయించుకోవాల్సిందేనన్నాడు. నన్ను మాత్రం ఆరు నెలలకే రమ్మన్నాడు.

బయటికొస్తే నెల్లూరు ఎండ సూదుల్లా గుచ్చింది. అంతా మసక. బండి అక్కడే వదిలేసి, మా బావమరిది వెనక ఎక్కాను. వాడికి పదకొండేళ్ల షుగరు.

"నువ్వెప్పుడు చూపించుకుంటావురా?" అన్నాను.

"నాకేం బావా, నాకు బాగానే..."

మాట పూర్తికాకముందే, మీరు మకాం ఎక్కడికి మార్చారో తెలిసిపోయింది. ఆదివారం వాణ్ని చేపల పులుసుకు పిలిచాం. మీరూ వస్తారుగా, ముళ్లు ఏరుకుంటూ మాట్లాడుకుందాం.

ఇట్లు,
మీ పాత నేస్తం