కామా వెనుక ఉన్న జీతం

“ఒక్క కామాకు 50 లక్షల డాలర్లు” అన్న వార్త 2018లో దేశదేశాల పత్రికల్లో వచ్చింది. అమెరికాలో ఉద్యోగుల దావాలు హద్దు మీరాయనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలని చదివినవారికి అనిపించే ఉంటుంది. నేను మాత్రం ఆ కేసును అందుకు సాక్ష్యంగా ఒప్పుకోను.

అమెరికాలోని మెయిన్ (Maine) అనే రాష్ట్రానికి చెందిన ఓక్‌హర్స్ట్ డెయిరీ తన సరుకు చేరవేసే డ్రైవర్లకు ఓవర్‌టైమ్ ఇవ్వలేదు. వారానికి 40 గంటలు దాటిన పనికి ఒకటిన్నర రెట్లు ఇవ్వాలన్నది ఆ రాష్ట్ర చట్టం. వ్యవసాయ ఉత్పత్తులు, మాంసం, చేపలు, త్వరగా పాడయ్యే ఆహారానికి సంబంధించిన కొన్ని పనులకు మాత్రం మినహాయింపు ఉంది. డబ్బాల్లో నింపడం, ఆరబెట్టడం, నిల్వ చేయడం ఇలా సాగే ఆ జాబితా చివర ప్యాకింగ్ ఉంది. ఆ వెంటనే షిప్‌మెంట్ (రవాణా), డిస్ట్రిబ్యూషన్ (పంపిణీ) అన్న రెండు మాటలను ‘ఆర్’ (లేదా) కలిపేది. దాని ముందు కామా లేదు. కామా ఉంటే ప్యాకింగ్ ఒక పని, పంపిణీ వేరే పని. లేకపోతే రెండూ కలిసి ఒకే పని: రవాణా కోసమో పంపిణీ కోసమో సరుకు ప్యాక్ చేయడం. డ్రైవర్లు ప్యాక్ చేయరు, చేరవేస్తారు. పైగా జాబితాలోని మిగతా పనులన్నీ ఇంగ్లీషులో ‘ఇంగ్’తో ముగుస్తాయి, డిస్ట్రిబ్యూషన్ ముగియదు. 2017 మార్చిలో ఫెడరల్ అప్పీలు కోర్టు ఈ వాక్యానికి రెండు అర్థాలూ చెప్పుకోవచ్చనీ, అలాంటప్పుడు కార్మికుడికి మేలు చేసే అర్థాన్నే తీసుకోవాలనీ తేల్చింది. మరుసటి ఏడాది కంపెనీ 50 లక్షల డాలర్లకు రాజీపడింది.

తీర్పును తిప్పింది కామాయే. కానీ తగువు వచ్చింది పనిచేసిన గంటల మీద. తెల్లవారకముందే బండెక్కినా, వారంలో యాభయ్యో గంట దాటి స్టీరింగ్ పట్టినా, ఆ అదనపు గంటకు అదనపు కూలి ఉందా లేదా అన్నదే ప్రశ్న. చట్టం రాసినవారు స్పష్టంగా చెప్పనిదాన్ని కోర్టు చెప్పాల్సి వచ్చింది. దీన్ని అతి అనడం అన్యాయం.

అతి అంటే ఏమిటో చూడాలంటే కాలిఫోర్నియాకు వెళ్లాలి. వాల్‌మార్ట్ అక్కడ తన ఉద్యోగులకు మూడు నెలలకోసారి బోనస్ ఇచ్చేది. బోనస్ వస్తే గంట రేటు పెరిగినట్టే లెక్క కాబట్టి, ఆ మూడు నెలల్లో చేసిన ఓవర్‌టైమ్‌కు తేడా కట్టివ్వాలి. కంపెనీ ఆ తేడా ఇచ్చింది. పే స్లిప్‌లో దాన్ని ఒకే మొత్తంగా ఒక వరుసలో చూపింది. ఎన్ని గంటలకు, ఏ రేటున అన్నది వేయలేదు. ఒక ఉద్యోగి అందరి తరఫున వేసిన దావాలో 2019లో కింది కోర్టు సుమారు 10.2 కోట్ల డాలర్లు చెల్లించమంది. అందులో దాదాపు 9.6 కోట్లు ఈ వరుస లోపానికే. డబ్బు అందిన తర్వాత, అందిన తీరును కాగితం మీద విడమరిచి రాయనందుకు ఇంత జరిమానా! 2021లో అప్పీలు కోర్టు ఆ తీర్పును కొట్టేసింది.

ఇంత మొత్తం ఎలా తేలుతుందంటే, లోపానికి ఒక్కో ఉద్యోగికి, ఒక్కో జీతపు విడతకు ఇంత అన్న లెక్కన జరిమానా పడుతుంది. వేల మంది ఉద్యోగులతో, పదుల విడతలతో గుణించండి. నష్టం ఎంత జరిగిందన్న ప్రశ్న ఆ గుణకారంలో ఎక్కడా రాదు. నా ఆక్షేపణంతా ఇక్కడే. జీతం ఎగ్గొట్టిన యజమానినీ, జీతమిచ్చి ఒక గడి ఖాళీగా వదిలేసిన యజమానినీ ఒకే కొలతతో కొలిస్తే, మొదటివాడి చేతిలో మోసపోయిన కార్మికుడి కేసుకే విలువ పోతుంది. రేపు అతను కోర్టుకెక్కినా ‘మళ్లీ ఇంకో దావా’ అనే లోకం చూస్తుంది.

కోర్టు తీర్పు దావాల వరదకు తలుపు తెరిస్తే ఏం చేయాలో అమెరికాకు తెలియనిది కాదు. మౌంట్ క్లెమెన్స్ కుండల కర్మాగారం కేసులో 1946లో సుప్రీంకోర్టు, హాజరు గడియారం దగ్గర నుంచి పనిచేసే చోటికి నడిచే సమయం కూడా పని కిందికే వస్తుందంది. దేశమంతా దావాలు వెల్లువెత్తాయి. మరుసటి ఏడాదే అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ పోర్టల్ టు పోర్టల్ చట్టం చేసి, ఏ నిమిషాలు లెక్కకు వస్తాయో, ఏవి రావో రాసింది. ఆ గీత కార్మికుల వైపు ఇంకాస్త జరిగి ఉండాల్సిందని నా అభిప్రాయం. అయినా గీసింది చట్టసభ, అందరి ముందూ గీసింది.

ఈ కాలపు కంపెనీలు వేరే దారి పట్టాయి. తగాదా వస్తే కోర్టుకు వెళ్లకుండా ప్రైవేటు ఆర్బిట్రేషన్‌కే (మధ్యవర్తి తీర్పుకే), అదీ ఎవరికి వారే వెళ్లాలని ఉద్యోగంలో చేరేటప్పుడే సంతకం పెట్టించుకున్నాయి. 2018లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో అలాంటి ఒప్పందాలు చెల్లుతాయంది. అలా సంతకం పెట్టినవారికి కలిసి దావా వేసే దారి మూసుకుపోయింది. కొన్ని వందల డాలర్ల బకాయి కోసం ఒంటరిగా న్యాయవాదిని పెట్టుకోగలిగే డెలివరీ కుర్రాడు ఎవరు? అయితే ఇంటికి భోజనం చేరవేసే డోర్‌డ్యాష్ కంపెనీకి పనిచేసేవారు ఐదు వేల మందికి పైగా, ఒప్పందంలో ఉన్నట్టే, విడివిడిగా ఆర్బిట్రేషన్ కోరారు. ఒక్కో కేసుకు కంపెనీ కట్టాల్సిన రుసుము 1,900 డాలర్లు, మొత్తం 95 లక్షలకు పైనే. కంపెనీ వెనక్కి తగ్గబోతే, 2020 ఫిబ్రవరిలో న్యాయమూర్తి రాసుకున్న ఒప్పందానికి కట్టుబడమన్నారు. తలుపు మూస్తే తగాదా పోదని అంతకంటే బాగా ఎవరు చెప్పగలరు?

అతి గురించి మాట్లాడేవారు చెప్పని సంగతి ఇంకొకటుంది. ఉద్యోగంలో మత, లింగ వివక్ష రుజువైనా మనోవేదనకూ, శిక్షగా వేసే పరిహారానికీ కలిపి ఫెడరల్ చట్టం పరిమితి పెట్టింది. చిన్న కంపెనీ అయితే 50 వేల డాలర్లు, 500 మందికి మించి ఉన్న కంపెనీకి 3 లక్షలు. ఇవి 1991లో రాసిన అంకెలు. ధరలు ఎంత పెరిగినా అవి కదల్లేదు. ఒక మూల గుణకారం ఆగదు, ఇంకో మూల అంకె పెరగదు.

కాలిఫోర్నియా 2024లో కొంత సర్దుకుంది. ఉద్యోగులు రాష్ట్రం తరఫున జరిమానా కోసం దావా వేసే 2004 నాటి చట్టాన్ని సవరించి, నోటీసుకు ముందే తప్పులు దిద్దుకునే ప్రయత్నం చేసిన యజమానికి జరిమానాను 15 శాతానికి, నోటీసు అందాక 60 రోజుల్లో ఆ పని చేసినవారికి 30 శాతానికి పరిమితం చేసింది. వసూలైన దాంట్లో ఉద్యోగుల వాటాను 25 శాతం నుంచి 35కు పెంచింది. దిద్దుకున్నవాడికీ దిద్దుకోనివాడికీ తేడా చూపడం నాకు నచ్చింది. వాటా ఇంకా పెరగాలి.

మెయిన్ చట్టసభ కూడా తన వాక్యాన్ని తిరగరాసింది. కామాలు తీసి సెమికోలన్లు పెట్టింది, డిస్ట్రిబ్యూషన్‌ను డిస్ట్రిబ్యూటింగ్‌గా మార్చింది. ఇప్పుడు సందేహం లేదు: పంపిణీకి ఓవర్‌టైమ్ వర్తించదు. డ్రైవర్లు కోర్టులో గెలిచినదాన్ని చట్టసభ వెనక్కి తీసుకుంది. అది సరైనది కాదని ఎవరికైనా అనిపిస్తే, ఇకపై అడగాల్సింది ఆ వాక్యానికి ఓటేసిన సభ్యులను.