మబ్బుల్లో టాలెంట్ చూసి ముంత ఒలకబోసుకున్న కంపెనీ

మధ్యతరహా కంపెనీలను చాలాకాలంగా ఒక తీవ్రమైన సమస్య పీడిస్తోంది. ఉండేది రెండొందల మందో మూడొందల మందో కాబట్టి ఎవరు పనిచేస్తారో, ఎవరు పనిచేస్తున్నట్టు కనిపిస్తారో అందరికీ తెలిసిపోతుంది. మేనేజర్‌కి తెలుసు, పక్క టీమ్‌కి తెలుసు, గేటు దగ్గర సెక్యూరిటీ ఆయనకి ఇంకా బాగా తెలుసు. ఇంత విలువైన సమాచారం లాగిన్ లేకుండా, పాస్‌వర్డ్ లేకుండా, ఎవరి బుర్రలో వాళ్ళు పెట్టుకుని తిరగడం ఎంత ప్రమాదం! ఆ ప్రమాదం నుంచి మనల్ని గట్టెక్కించడానికే క్లౌడ్ టాలెంట్ మేనేజ్‌మెంట్ దిగివచ్చింది, అంటే ఉద్యోగుల నైపుణ్యాలూ పనితీరూ రేటింగులూ అన్నీ ఇంటర్నెట్‌లో వేరేవాళ్ళ కంప్యూటర్లలో పెట్టి చూపించే అద్దె సాఫ్ట్‌వేర్.

ముందు దిగింది పెద్ద కంపెనీల దగ్గర. లక్షమంది పనిచేసేచోట ఎవరు ఎవరో తెలిసే దారి లేదు కాబట్టి వాళ్ళకి ఇది అవసరమే, కాదనను. 2011 డిసెంబరులో సాఫ్ట్‌వేర్ సంస్థ ఎస్ఏపీ ఇలాంటి సాఫ్ట్‌వేరే అమ్మే సక్సెస్‌ఫ్యాక్టర్స్‌ని 340 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది, రెండు నెలలు తిరిగేసరికి ఒరాకిల్ 190 కోట్ల డాలర్లు పెట్టి అదే వ్యాపారంలో ఉన్న టాలియోని కొంటామంది. అంత డబ్బు పోసి కొన్నవాళ్ళు లక్షమంది ఉన్న కంపెనీలతోనే సరిపెట్టుకుంటారా? వాళ్ళూ, వాళ్ళను చూసి పుట్టుకొచ్చిన మిగతావాళ్ళూ మెల్లగా మన గుమ్మం ఎక్కారు. సర్వర్ కొనక్కర్లేదు, ఐటీ టీమ్‌ని పెంచక్కర్లేదు, మనిషికి నెలకి ఇంత అని కడితే చాలన్నారు. అప్పటినుంచి ఈ ఏడాది జీతాలు పెంచడానికి బడ్జెట్ లేదన్న కబురు కూడా పోర్టల్‌లోనే అందుతోంది. పోర్టల్‌కి మాత్రం బడ్జెట్ ఉంది.

సరే, మొదటి పని స్కిల్స్ నమోదు. ఎవరి నైపుణ్యానికి వాళ్ళే ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేసుకోవాలి. పన్నెండేళ్ళుగా ప్రతి నెలాఖరుకీ లెక్కలు తేల్చి, ఎక్కడ రూపాయి తేడా వచ్చినా ఏ బిల్లులో ఉందో చూడకుండానే చెప్పగలిగే అకౌంట్స్ ఆవిడ, నేర్చుకోవాల్సింది ఇంకా ఉందిగా అని నిజాయితీగా మూడు వేసుకుంది. మొన్నే చేరిన కుర్రాడు ఏ మొహమాటమూ లేకుండా అన్నిట్లో ఐదు వేసుకున్నాడు. సిస్టమ్ రాత్రికి రాత్రి డేటా అంతా విశ్లేషించి, ఆవిడకి మెంటర్‌గా ఆ కుర్రాణ్ణి సిఫారసు చేసింది. ఇందులో సిస్టమ్ తప్పేమీ లేదు. బకాయిలు ఎగ్గొట్టే కస్టమర్ ఆవిడ ఫోన్ చేస్తే మాత్రం మర్నాడే కట్టేస్తాడు, ఆ విద్య డ్రాప్‌డౌన్‌లో, అంటే స్క్రీన్ మీద ఎంచుకోమని ఇచ్చే జాబితాలో, లేదు. డ్రాప్‌డౌన్‌లో లేనిది కంపెనీలో లేనట్టే లెక్క.

ఆ తర్వాత తొమ్మిది గళ్ళ పట్టిక. ఒకవైపు పనితీరు, ఇంకోవైపు భవిష్యత్తులో ఎదిగే సత్తా, ప్రతి ఉద్యోగినీ ఒక గడిలో కూర్చోబెట్టాలి. దీని మూలం చూస్తే ముచ్చటేస్తుంది. 1970ల్లో జనరల్ ఎలక్ట్రిక్ కోసం సలహాల సంస్థ మెకిన్సీ ఇలాంటి పట్టికే తయారుచేసింది, ఏ వ్యాపారంలో డబ్బు పెట్టాలి, దేన్ని వదిలించుకోవాలి అని తేల్చుకోవడానికి. వ్యాపారాల కోసం గీసిన గళ్ళలోకి తర్వాత మనుషులొచ్చి కూర్చున్నారు. మన డిస్పాచ్ విభాగంలో ఉన్నది నలుగురు. అందరికీ తలో గడి ఇచ్చినా ఐదు ఖాళీ. ఖాళీ గడులు డాష్‌బోర్డ్‌లో ఎర్రగా మెరుస్తుంటే పైవాళ్ళకి టెన్షన్, అందుకని మంచి పనివాడొకణ్ణి కింది గడిలోకి జరుపుతారు. బొమ్మ నిండుగా ఉండాలి కదా.

బెల్ కర్వ్ సంగతీ అంతే, అంటే కొద్దిమంది పైన, కొద్దిమంది కింద, మిగతావాళ్ళు మధ్యలో ఉండి తీరాలనే గంట ఆకారపు లెక్క. మనుషుల్ని ఇలా వరసలో నిలబెట్టి రేటింగ్ ఇచ్చే పద్ధతిని మైక్రోసాఫ్ట్ 2013లోనే వదిలేసింది, కానీ ఆరుగురున్న టీమ్‌లో కూడా ఒకడు కింద ఉండి తీరాలని మన సిస్టమ్‌లో సెట్టింగ్ పెట్టి ఉంది. దాన్ని తీసెయ్యమని అడిగితే టికెట్ రైజ్ చెయ్యాలి, మార్పుకి విడిగా చార్జీ.

ఒక మెచ్చుకోలు కూడా రాయకపోతే అన్యాయం. సెలవు అడగడం, పేస్లిప్ తీసుకోవడం నిజంగా సుఖమైపోయాయి, ఎవరి మూడ్ బాగుందో చూసుకుని కాగితం పట్టుకెళ్ళే బాధ పోయింది. ఆ రెంటితో ఆగిపోయి ఉంటే ఈ వ్యాసం రాయాల్సిన పనే ఉండేది కాదు. అయితే 2021 డిసెంబరులో ఉద్యోగుల పనిగంటలు లెక్కపెట్టే క్రోనోస్ క్లౌడ్ మీద రాన్సమ్‌వేర్ దాడి (డేటాకి తాళం వేసి డబ్బు అడిగే దాడి) జరిగి అది వారాల తరబడి పనిచెయ్యకపోతే, దాన్ని నమ్ముకున్న చాలా సంస్థలు మళ్ళీ కాగితాలూ పెన్నూ పట్టుకుని పనిగంటలు లెక్కేసుకున్నాయి. ఎవరు ఎన్ని గంటలు పనిచేశారో ఎవరినో ఒకర్ని నోరు తెరిచి అడగాల్సి వచ్చి ఉంటుంది పాపం.

అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ 2011లో క్లౌడ్‌కి ఐదు లక్షణాలు ఉండాలని నిర్వచించింది. వాటిలో అవసరాన్నిబట్టి ఇట్టే పెరిగి ఇట్టే తగ్గడం ఒకటి, వాడకాన్ని ఎప్పటికప్పుడు కొలవడం ఒకటి. వాళ్ళు చెప్పింది కంప్యూటర్ల గురించి. మన హెచ్ఆర్ మాత్రం ఎంతో శ్రద్ధగా చదివి మనుషులకి అమలుచేసింది, వారాంతంలో పెరగాలి, ఇంక్రిమెంట్ నెలలో తగ్గాలి, మధ్యలో ప్రతి క్లిక్కూ కొలవాలి.

పోనీ నచ్చలేదు, మానేద్దాం అనుకుంటే? మూడేళ్ళ ఒప్పందం, మనం మర్చిపోతే దానంతటదే రెన్యూ అవుతుంది. మన కాంట్రాక్టు ఉద్యోగులకి ఆరు నెలలకి మించి ఎవరూ సంతకం పెట్టలేదు. ఇన్నేళ్ళ రివ్యూలూ రేటింగులూ బయటికి తీసుకుందామంటే కొన్ని ఎక్సెల్‌లో వస్తాయి, కొన్ని రావు, వచ్చినవాటిలో కామెంట్లు ఉండవు.

అకౌంట్స్ ఆవిడ పోయిన నెల రాజీనామా ఇచ్చింది. అంతకు ముందురోజు వరకూ డాష్‌బోర్డ్‌లో ఆవిడ పేరు పక్కన ఆకుపచ్చ చుక్కే, కంపెనీ వదిలివెళ్ళే అవకాశం తక్కువని. చివరిరోజు సాయంత్రం లాగిన్ తీసేశారు, లైసెన్స్ డబ్బులు మాత్రం ఒప్పందం ప్రకారం ఏడాది చివరిదాకా కట్టాలి. ఎందుకు వెళ్ళిపోయిందో తెలుసుకోవాలని మేనేజ్‌మెంట్‌కి గట్టిగానే ఉంది. దానికి వేరే మాడ్యూల్ ఉందట, డెమో బుధవారం పెట్టారు.