చెప్పులతో పాటు ఇంటిపేరు

నదీమూలం, ఋషిమూలం అడగకూడదని మన పెద్దలు చెప్పారు. ఇంగ్లండులో ఆ పట్టింపు లేదు. అక్కడ కవి మూలం అడుగుతారు. అడిగి ఊరుకోరు కూడా. ఆ కవికి తిక్క ఎక్కడినుంచి వచ్చిందో తేల్చడానికి నేరుగా వాళ్లమ్మ పుట్టింటికి వెళ్లి తలుపు కొడతారు.

ఇంగ్లీషు కవి లార్డ్ బైరన్ జీవిత చరిత్ర ఏది తెరిచినా మొదటి అధ్యాయం దాదాపు ఒకటే. స్కాట్లండులో అబర్డీన్‌షైర్, ఇథన్ నది ఒడ్డున గిఖ్ట్ కోట. (ఈ పేరు అనాలంటే ముందు గొంతు సవరించుకోవాలి.) ఆ కోటలో గార్డన్లు. కత్తిపోట్లు, ఉరికొయ్యలు, నీళ్లలో పడి చావులు. ఆ వంశంలో చివరిగా మిగిలింది బైరన్ తల్లి కేథరిన్ గార్డన్: లావు మనిషి, నోరు పెద్దది, కోపం వస్తే చేతిలో ఉన్నది విసిరేస్తుంది. ఇంతవరకు చెప్పి రచయితగారు కళ్లజోడు సర్దుకుంటారు. పిల్లాడు అలా తయారవడంలో వింతేముంది, గార్డన్ రక్తం కదా!

అంత గొప్ప రక్తమైతే మనమూ చూద్దామని కాగితం మీద గీతలు గీయడం మొదలుపెట్టాను.

అమ్మగారికీ వంశం పిచ్చి తక్కువేం కాదు. మాది స్కాట్లండును ఏలిన స్టూవర్ట్ రాజు ఒకటో జేమ్స్ కూతురి సంతతి అనేది. సాక్షాత్తూ డ్యూక్ ఆఫ్ గార్డన్ కుటుంబాన్నే "వాళ్లు సీటన్ గార్డన్లు, అసలు గార్డన్లం మేము" అని తీసిపారేసేది. ఈ సంగతి కొడుకే ఒక ఉత్తరంలో రాశాడు.

ఇప్పుడు గీతలు చూడండి. 1408లో గార్డన్ల ఆస్తికి వారసురాలు ఎలిజబెత్ అనే అమ్మాయి. ఆమెను అలెగ్జాండర్ సీటన్‌కిచ్చి చేశారు. కొడుకు పుట్టాడు, సీటన్ అన్న పేరు వదిలేసి గార్డన్ అయ్యాడు, హంట్లీకి మొదటి ఎర్ల్, అంటే ప్రభువు, అయ్యాడు. డ్యూకులు ఈయన సంతతే. మరి గిఖ్ట్‌వారో? ఆ శాఖకు మూలపురుషుడు, 1513లో ఫ్లాడెన్ యుద్ధంలో చచ్చిపోయిన సర్ విలియం, ఈయన మనవడే! అంటే అమ్మగారు అన్నేళ్లు తీసిపారేసింది తన సొంత తాతముత్తాతల్నే.

అయిపోలేదు. 1701 నాటికి గిఖ్ట్‌కు మళ్లీ ఆడపిల్లే వారసురాలు, మేరీ. ఆమెను చేసుకున్నవాడు అలెగ్జాండర్ డేవిడ్సన్. ఆయనా గార్డన్ అయిపోయాడు. కేథరిన్‌కు ముత్తాత ఈయనే. మగవాళ్ల లెక్కనే చూస్తే గార్డన్ రక్తం అని మనం భయపడుతున్నది డేవిడ్సన్ రక్తం.

మూడోసారి 1785, బాత్ పట్టణం. అప్పుల్లో మునిగిన కెప్టెన్ జాన్ బైరన్, గిఖ్ట్‌కు పదమూడో వారసురాలైన మన కేథరిన్‌ను పెళ్లాడి జాన్ బైరన్ గార్డన్ అయ్యాడు.

ఆ ఇంటి గుమ్మం నా కళ్లకు కట్టినట్టుంది. పక్కన ఓ గుమాస్తా పీట వేసుకుని, సిరాబుడ్డి పెట్టుకుని కూర్చున్నాడు. "రండి బాబూ, చెప్పులిక్కడ, ఇంటిపేరిక్కడ." సీటన్‌గారు చెప్పులు విడిచి పేరు మాత్రం గట్టిగా పట్టుకున్నారు. "పోనీలెండి, మీ అబ్బాయి విడుస్తాడు," అన్నాడు గుమాస్తా. అలాగే జరిగింది. తర్వాత డేవిడ్సన్‌గారు. ఇంటిపేరును జేబురుమాలులా నాలుగు మడతలు పెట్టి అందించారు. "మా నాన్న అడిగితే ఏం చెప్పను?" "కోట చూపించండి, ఇంకేం అడగరు." మూడో అల్లుడు రాగానే గుమాస్తా మామూలు పాట ఎత్తుకున్నాడు. ఈ అల్లుడు వింటేగా! "బ్యాంకు షేర్లెన్ని? సాల్మన్ చేపల రేవులెన్ని? ఆ చెట్లు కొట్టించి అమ్మితే ఎంతొస్తుంది?" "ఇంటిపేరు, బాబూ..." "గార్డనో, గాడిదో, నీ ఇష్టం, రాసుకో. సంతకం ఎక్కడ?" చెప్పులు మాత్రం విప్పలేదు. పోయేటప్పుడు కోటను చంకన పెట్టుకుని పోయాడు.

ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అంటారు. ఇక్కడ మొగుడి దయవల్ల గబ్బిలాలకు కూడా ఇల్లు మిగల్లేదు.

మూడుసార్లు ఆ పేరు చచ్చిపోవాలి. మూడుసార్లూ ఒక ఆడపిల్ల దాన్ని బతికించింది. దీనికి కొడుకు ఇచ్చిన కితాబు వినండి. అదే ఉత్తరంలో బైరన్ తన తండ్రి వంశం గురించి గర్వంగా చెప్పుకున్నాడు: మాది నార్మన్ వంశం, ఎప్పుడూ మగవాళ్ల మీదుగానే నడిచింది, అమ్మవాళ్ల గార్డన్లలా ఆడదాని చేతిలోకి దిగజారలేదు అని. దిగజారడమట! పెళ్లైన రెండేళ్లకే, 1787లో, గిఖ్ట్ ఎస్టేటు 17,850 పౌండ్లకు పక్క ఎస్టేటు ఎర్ల్ చేతికి పోయింది. అప్పులవాళ్లు తిన్నంత తిన్నాక ఆమె బతకడానికి మిగిలింది ఏడాదికి 150 పౌండ్ల వడ్డీ. దాంతోనే అబర్డీన్‌లో అద్దె ఇంట్లో, కాలు వంకరగా పుట్టిన పిల్లాడిని పెంచింది. మొగుడు ఫ్రాన్సుకు పారిపోయి, అక్కడే 1791లో పోతూ, తన అప్పులూ అంత్యక్రియల ఖర్చూ తీర్చే బాధ్యతను మూడేళ్ల కొడుకు పేర వీలునామా రాశాడు. మూడేళ్లవాడికి, అప్పు! సిగ్గుండాలి. అయినా మొగుడు పోయాడని తెలిసిన రోజు ఆమె ఏడుపు వీధిలోకి వినపడిందట. ఇంత జరిగినా, గొంతు పెంచినందుకు చెడ్డది ఆమె రక్తం!

బైరన్ల వైపు అంత గట్టిగా ఎవరూ తలుపు కొట్టరు. కవిగారి తాతకు అన్న, అయిదో లార్డ్ బైరన్, 1765లో లండన్ సత్రంలో భోజనం చేస్తూ, ఎవరి ఎస్టేటులో వేటకు జంతువులు ఎక్కువున్నాయన్న గొడవలో పొరుగాయన్ని కత్తితో పొడిచి చంపాడు. దాన్ని రక్తమనరు. 'దుష్ట లార్డ్' అని బిరుదిచ్చి ఊరుకుంటారు.

స్టూవర్ట్ రాజుల వారసురాలినని మురిసిపోయే ఈ గిఖ్ట్ అమ్మగారు ఫ్రెంచి విప్లవం రోజుల్లో ఆడపడుచుకు ఏం రాసిందో తెలుసా? నేను ప్రజల పక్షం, ఆ రాజును మళ్లీ గద్దె ఎక్కించక్కర్లేదు అని. అది ఏ రక్తమో ఏ అధ్యాయంలోనూ తేల్చరు.

1811 ఆగస్టులో ఆమె పోయింది. అంత్యక్రియలకు కొడుకు వెళ్లలేదు. ఊరేగింపు కనుమరుగయ్యేదాకా గుమ్మంలో నిలబడి చూసి, పనివాడిని పిలిచి చేతులకు బాక్సింగ్ గ్లోవ్స్ తొడుక్కున్నాడు. దీన్ని మాత్రం దుఃఖం అని అర్థం చేసుకోవాలట. సరే, చేసుకుందాం.

ఆమె వస్తువుల్లో ఒక పుస్తకం ఉండేదట. కొడుకు కవిత్వం మీద మొదట్లో వచ్చిన సమీక్షలన్నీ ఏరి, ఒకచోట బైండు చేయించుకుంది. మార్జిన్లలో తన సొంత చేతిరాతతో, సమీక్షకుల మాటలకు తన మాటలు. చూసినాయన బైరన్ స్నేహితుడితో అన్నాడట, ఈమెకు ఇంత తెలివి ఉంటుందని మనం అనుకోం అని.