బార్సిలోనా చూడలేదు, అయితే ఏమిటి?

"స్పెయిన్ దాకా వెళ్లి బార్సిలోనా చూడలేదా?"

తిరిగొచ్చి మూడు నెలలు దాటినా ఈ ప్రశ్న వదలడం లేదు. మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో కలిసిన పెద్దాయన అయితే, తన కొడుకు తొమ్మిది రోజుల్లో ఏడు దేశాలు చూసొచ్చాడని మొదలుపెట్టి, నాలుగో అంతస్తు వచ్చేలోపు ఆ ఏడింటి పేర్లూ అప్పజెప్పారు. మేము పది రోజులూ ఒకే దీవిలో ఉన్నామని చెప్పాను. పెళ్లికి వెళ్లి భోజనం చేయకుండా వచ్చినవాళ్లను చూసినట్టు చూశారు.

రెండో ప్రశ్న, "మగవాళ్లు లేకుండా నలుగురు ఆడవాళ్లేనా?" దీనికి జవాబు చెప్పే ఓపిక నాకు లేదు.

మేము నలుగురం డిగ్రీలో ఒకే హాస్టల్ గదిలో ఉన్నవాళ్లం. ఇప్పుడు యాభైకి దగ్గర పడ్డాం. ఒకతె ఫ్రాంక్‌ఫర్ట్‌లో, ఒకతె డబ్లిన్‌లో, ఇద్దరం హైదరాబాద్‌లో. పదేళ్లుగా "ఎక్కడికైనా వెళ్దామే" అనుకుంటూ, మొన్న అక్టోబర్‌లో మయోర్కా వెళ్లాం. మధ్యధరా సముద్రంలో స్పెయిన్‌కు చెందిన దీవి అది. బీచ్‌ల కోసం యూరప్ అంతా అక్కడికి ఎగబడుతుంది. మాకు సముద్రాన్ని చూడటం ఇష్టమే కానీ అందులో దిగడం కాదు. మేము వెళ్లింది ఊళ్లు తిరగడానికి, సంతలు చూడటానికి, మాట్లాడుకోవడానికి.

నిజం ఒప్పుకోవాలి. జాబితా తయారు చేసింది నేనే. గంటల లెక్కన, రంగులు వేసి మరీ. మొదటి రెండు రోజులు అద్దె కారులో ఆ జాబితా వెంట పరిగెత్తించాను. వాల్దెమోసా అని కొండ మీద రాతి ఊరు ఉంది. ఇంటింటి గుమ్మం పక్కన ఆ ఊళ్లో పుట్టిన సెయింట్ కాటలీనా బొమ్మ వేసిన పింగాణీ పలక కనిపిస్తుంది. సంగీతకారుడు షోపాన్ 1838-39 శీతాకాలం గడిపిన మఠం ఆ ఊళ్లోనే ఉంది. ఆయన ఒక చలికాలం ఉన్న చోట మేము యాభై నిమిషాలు ఉన్నాం. అందులో ఇరవై నిమిషాలు కారు పెట్టే చోటు కోసం పోయాయి. ఆ సాయంత్రం డబ్లిన్ మనిషి చెప్పులు విప్పి కాళ్లు చాపుకుని అడిగింది: "నువ్వు సెలవుకొచ్చావా, ఆడిట్‌కొచ్చావా?"

కారు తిరిగిచ్చేశాం. మర్నాడు బుధవారం. దీవి రాజధాని పాల్మాలో రైలెక్కి, నడిబొడ్డున ఉన్న సీనేవు అనే ఊరికి వెళ్లాం. అక్కడ బుధవారం సంత. అప్పటి మయోర్కా రాజు రెండవ జావుమే 1306లో ఇచ్చిన అనుమతితో మొదలైందట. మన ఓరుగల్లులో ప్రతాపరుద్రుడు ఏలుతున్న రోజులవి. ఆ సంతలో గొర్రెలు, కోళ్లు, కుందేళ్లు ఇప్పటికీ అమ్ముతారు. చర్చి కిందనుంచి సందుల్లోకి దుకాణాలు పాకిపోయి ఉంటాయి. తాటాకు లాంటి ఆకుతో అల్లిన బుట్టలు, ఊరవేసిన ఆలివ్‌లు, బాదం పప్పు, తెల్లటి మట్టి బొమ్మకు ఎర్ర, పచ్చ చారలు గీసి తోక దగ్గర ఈల పెట్టిన సియురెల్‌లు.

నన్ను అక్కడ నిలబెట్టేసింది మాత్రం టమాటా. చిన్న నిమ్మకాయంత టమాటాలను తొడిమల దగ్గర దారంతో కట్టి, గుత్తులు గుత్తులుగా వేలాడదీశారు. మన దగ్గర వెల్లుల్లి జడలు కట్టినట్టు. ఆ రకాన్ని 'రమల్యెట్' అంటారు. తోలు మందం. వేసవిలో కోసి, ఇంట్లో గాలి తగిలే చోట వేలాడదీస్తే చలికాలమంతా చెడిపోదు. ముక్కలు కోసి తినడానికి కాదు అది. రొట్టెముక్క మీద సగం కాయను రుద్దుతారు. రసం, గుజ్జు రొట్టెలోకి ఇంకిపోయి చేతిలో తోలు మాత్రం మిగులుతుంది. పైన ఆలివ్ నూనె, ఉప్పు. దాని పేరు 'పాంబోలి', అంటే నూనెతో రొట్టె అని, అంతే. నాది మదనపల్లె దగ్గర ఊరు. ధర పడిపోయిన ఏడాది ట్రాక్టర్ల కొద్దీ టమాటా రోడ్డు పక్కన పారబోయడం చూస్తూ పెరిగాను. ఆ గుత్తుల ముందు అరగంట నిలబడ్డానంటే జాబితాలో లేని పని కాబట్టే నిలబడగలిగాను.

అప్పుడే తెలిసింది, ఆ దీవిలో వారాన్ని సంతలతోనే లెక్కపెట్టవచ్చని. మంగళవారం ఆర్టా, బుధవారం సీనేవు, గురువారం ఇంకా (ఊరి పేరే అది, తోలు చెప్పులకు ప్రసిద్ధి), శనివారం సోయెర్, ఆదివారం సాంతా మరియా. బుధవారం సంత, శుక్రవారం సంత అంటూ పెరిగినవాళ్లకు ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. తేడా ఒక్కటే, బేరం. మా ఫ్రాంక్‌ఫర్ట్ మనిషి పద్దెనిమిదేళ్లుగా యూరప్‌లో ఉంటూ కూడా ఆలివ్‌లు అమ్మే ఆవిడతో బేరమాడబోయింది. ఆవిడ కోప్పడలేదు, ధరా తగ్గించలేదు. తూకం వేశాక గుప్పెడు ఆలివ్‌లు కొసరు వేసింది. కొసరు అన్న మాట లేని ఊళ్లోనూ కొసరు ఉంటుంది.

సోయెర్‌కు రైలు గురించి చెప్పకపోతే పాపం. 1912 నాటి లైను, చెక్క పెట్టెలు, పాల్మా నుంచి 27 కిలోమీటర్లు, కొండను తొలిచి పదమూడు సొరంగాలు. ఆ ఊరికి అంత డబ్బు నారింజతోటల వల్ల వచ్చింది. పండ్లు ఓడల్లో ఫ్రాన్సుకు పోయేవి. ఇప్పుడు ఊరి కూడలిలో కాఫీ బల్లల మధ్యనుంచే ట్రామ్ గంట కొట్టుకుంటూ పోతుంది. మేము ఆ బల్లల దగ్గర మూడు గంటలు కూర్చున్నాం. హాస్టల్ వార్డెన్‌ను, పోయినవాళ్లను, పోకుండా పీడిస్తున్నవాళ్లను, మొత్తం అందరినీ తలుచుకున్నాం. దీన్ని 'చూసిన ప్రదేశాలు' కింద ఎలా రాయాలో ఆ లిఫ్టు పెద్దాయన చెప్పాలి.

తిండి విషయానికొస్తే, మాలో ఒకతె పక్కా శాకాహారి. మొదటి ఉదయమే 'ఎన్‌సైమాద' తెప్పించుకుంది. తలపాగా చుట్టినట్టు చుట్టి, పైన పంచదార పొడి జల్లిన మెత్తటి రొట్టె. సగం తిన్నాక నేను ఫోనులో చదివి చెప్పాను, 'సైమ్' అంటే పంది కొవ్వని, పేరే అక్కడినుంచి వచ్చిందని. ఆమె మిగిలిన సగాన్ని కాసేపు చూసింది. "ఈ ముక్క తినకముందు చెప్పాలి, లేదా తిన్నాక చెప్పాలి. మధ్యలో చెప్పేదేమిటే?" అని ప్లేటు నా వైపు తోసింది. తర్వాత ఆమెను కాపాడింది తుంబెట్. వంకాయ, బంగాళాదుంప, ఎర్ర బెంగళూరు మిర్చి విడివిడిగా వేయించి, పొరలుగా పేర్చి, టమాటా గుజ్జు పోస్తారు. నాలుగు చోట్ల తిని, నాలుగు చోట్లా "కొంచెం కారం పడాలి" అంది.

ఇప్పుడు అసలు సంగతి. ఆదివారం సాంతా మరియా సంతలో ఒక దుప్పటి చూసి మాలో రెండో హైదరాబాద్ మనిషి, అసలు ఊరు నల్గొండ, ఆగిపోయింది. తెల్లటి గుడ్డ మీద నీలిరంగు మంటలు ఎగసినట్టు, అంచులు చెదిరిన గీతలు. "ఇది మా పోచంపల్లే కదా!" అంది. నిజంగా అదే పని. నేతకు ముందే నూలు పోగులకు కట్టు కట్టి రంగులో ముంచడం, అందుకే ఆ చెదిరిన అంచు. అక్కడ దాన్ని 'నాలుకల గుడ్డ' అంటారు. మగ్గాలున్న నేతశాల ఆ ఊళ్లోనే ఉందన్నారు. వెళ్తే తాళం. ఆదివారం కదా మరి.

ఏడు దేశాల జాబితాలో ఈ కథ ఇక్కడ అయిపోతుంది. మేము సోమవారం మళ్లీ వెళ్లాం. పాత మగ్గాలు, దారపు కండెలు, ఇంజను నూనె వాసన. ఆమె ఫోనులో తన మేనత్త ఇంటి మగ్గం ఫోటో తీసి చూపించింది. అక్కడి మనిషి కళ్లజోడు పైకెత్తి, ఫోటో పెద్దది చేసి, కట్లు వేసిన పోగుల మీద వేలు పెట్టి తన భాషలో ఏదో అన్నాడు. ఇద్దరికీ ఒక్క మాట ఉమ్మడిగా లేదు. పావుగంట మాట్లాడుకున్నారు.

"నెమ్మదిగా తిరగడానికి డబ్బుండాలి" అని ఎవరో అంటారని తెలుసు. లెక్క వేసి చూశాను. మాకు విమానం ఒక్కటే, ఇల్లు ఒక్కటే, వంట సగం రోజులు మాదే. రోజుకో దేశం మారడం కంటే ఇది ఖరీదైన పని కాదు. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా ఊళ్లలో దుకాణాలు మూసేస్తారని ఇంటర్నెట్‌లో మనవాళ్లు తెగ తిట్టుకుంటున్నారు. ఎండవేళ తలుపు మూసి నడుం వాల్చడం మన అమ్మమ్మల ఇళ్లలో లేదా? వాళ్లు మానలేదు, మనం మానేశాం. మేమూ పడుకున్నాం, సుఖంగా.

ఒక్క విషయం మాత్రం ఇంకా గుచ్చుతోంది. 2024 వేసవిలో పాల్మా వీధుల్లో వేలమంది స్థానికులు ఊరేగింపు తీశారు, పర్యాటకుల వల్ల అద్దెలు పెరిగి తమ ఊళ్లో తామే ఉండలేకపోతున్నామని. మేము అద్దెకు తీసుకున్న ఇంట్లో ఒకప్పుడు ఎవరున్నారో మాకు తెలియదు. నెమ్మదిగా తిరిగాం కాబట్టి మేము మంచివాళ్లం అని చెప్పుకోను. నాలుగు మంచాలు మేమూ ఆక్రమించాం. వచ్చే ఏడాది వెళ్తే హోటల్లోనే దిగుదామని నేను, అసలు వేరే చోటికి పోదామని డబ్లిన్ మనిషి. వాదన ఇంకా తేలలేదు.

ఆ టమాటా గుత్తి ఒకటి ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లింది. ఆమె వంటగది కిటికీ దగ్గర మేకుకు వేలాడుతోంది. మొన్న సంక్రాంతి రోజు ఫోటో పెట్టింది: "ఇంకా పదకొండు ఉన్నాయి. పప్పులో వేయనా?"

ముగ్గురం ఒకేసారి వద్దన్నాం.