కోహోలింట్‌కి మళ్లీ వెళ్లడం జ్ఞాపకాల జబ్బు కాదు

గేమ్‌లు ఆడేవాళ్ల గ్రూపుల్లో ఈమధ్య ఒక పోస్టు తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: ‘పాత హ్యాండ్‌హెల్డ్ గేమ్‌లను మళ్లీ ఆడటం టైమ్ వేస్ట్. ఒకటి, అవి టీవీ గేమ్‌లను కుదించి చేసిన నకళ్లు. రెండు, కథ తెలిసిపోయాక అడ్వెంచర్ గేమ్‌లో మిగిలేదేమీ లేదు. మూడు, రెండు బటన్లతో ఆడటం నరకం. నాలుగు, రీమేక్ వచ్చాక పాతదానితో పనేంటి? ఐదు, ఇదంతా చిన్ననాటి జ్ఞాపకాల జబ్బు.’ ఉదాహరణగా పెట్టిన బొమ్మ ‘ద లెజెండ్ ఆఫ్ జెల్డా: లింక్స్ అవేకెనింగ్’ది. నింటెండో 1993లో గేమ్‌బాయ్‌కి, అంటే చేతిలో పట్టుకుని ఆడే తన చిన్న యంత్రానికి, తెచ్చిన గేమ్. కథంతా కోహోలింట్ అనే ద్వీపంలో నడుస్తుంది. అక్కడే నాకు కాలింది. ఆ గేమ్‌ను నేను ఇప్పుడు మూడోసారి ఆడుతున్నాను.

ఐదోదానితో మొదలుపెడతాను, అది ఒక్క ముక్కలో తేలిపోతుంది. చిన్నప్పుడు నేను గేమ్‌బాయ్ ముఖం కూడా చూడలేదు. మా ఊళ్లో వీడియో గేమ్ అంటే టీవీకి తగిలించి క్యాసెట్ గుచ్చే డూప్లికేట్ డబ్బా, లేదంటే ఇటుకలు పడే బ్రిక్ గేమ్. లింక్స్ అవేకెనింగ్ మొదటిసారి ఆడేనాటికి నాకు ముప్పై దాటాయి. అదీ 1998లో రంగులద్ది మళ్లీ తెచ్చిన డీఎక్స్ వెర్షన్, నింటెండోదే తర్వాతి హ్యాండ్‌హెల్డ్ 3డీఎస్‌లో. లేని జ్ఞాపకానికి జబ్బెక్కడిది?

కుదింపు అన్న మాటలో కాస్త నిజముంది. కజుఆకి మోరితా అనే ప్రోగ్రామర్ పనివేళలు అయిపోయాక గేమ్‌బాయ్ మీద జెల్డా ఎంతవరకు నడుస్తుందో సరదాగా చూడటంతో ఇది మొదలైంది. అంతకుముందు 1991లో నింటెండో టీవీ యంత్రం సూపర్ ఫామికామ్‌కి వచ్చిన జెల్డాను ఇందులోకి దించవచ్చా అన్నది అప్పటి ఆలోచన. కానీ తకాషి తెజుకా దర్శకత్వంలో పూర్తయ్యేసరికి అది వేరే గేమ్ అయిపోయింది. సిరీస్‌లో ఎప్పుడూ ఉండే జెల్డా రాకుమారి లేదు, విలన్ గానన్ రాజ్యం లేదు. నింటెండో వేరే గేమ్‌ల్లోని మారియో శత్రువులు తిరుగుతుంటారు, ఓ చోట కిర్బీ లాంటివాడు మింగడానికి వస్తాడు. గేమ్‌బాయ్ తెర 160 పిక్సెళ్ల వెడల్పు, 144 ఎత్తు. అడుగున స్టేటస్ పట్టీ తీసేస్తే మిగిలేది పది గళ్లు బై ఎనిమిది గళ్లు. ద్వీపం మొత్తం అలాంటి 256 తెరలు, పదహారు వరసల్లో పదహారేసి. ఒక్కో తెరలో ఒక్కో పేచీ: ఇక్కడో రాయి, అక్కడో గుంట, ఆ మూలన అందీ అందకుండా ఒక పెట్టె. మియాపూర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగేలోపు ఓ పాతిక తెరలు తిరిగేయొచ్చు. పెద్దదాన్ని నొక్కితే ఈ కొలత రాదు. చిన్న తెర కోసం పుడితేనే వస్తుంది.

రెండో పాయింటు దగ్గర కాసేపు కూర్చోవాలి. (కథ తెలియనివాళ్లు ఇక్కడినుంచి మూడు పేరాలు దాటేయండి. ముప్పై ఏళ్లు దాటిన గేమే అయినా, చెప్పడం నా ధర్మం.)

తుఫానులో పడవ పగిలి హీరో లింక్ కోహోలింట్ ద్వీపానికి కొట్టుకొస్తాడు. మారిన్ అనే అమ్మాయి కాపాడుతుంది. బయటపడాలంటే ఎనిమిది వాయిద్యాలు పోగుచేసి, కొండ మీద గుడ్డులో నిద్రపోతున్న విండ్ ఫిష్ అనే వింత జీవిని లేపాలి. ఆరో డంజన్ (చిక్కుముళ్లు, శత్రువులు నిండిన గుహలాంటి చోటు) దగ్గరికి వచ్చాక ఒక గుడి గోడ మీద అసలు సంగతి కనిపిస్తుంది: ఈ ద్వీపం విండ్ ఫిష్ కనే కల. అది లేస్తే ఇవేవీ ఉండవు. మొదటిసారి ఆడినవాడికి ఇది ఒక మలుపు, అంతే. ‘ఓహో’ అనుకుని ముందుకు పోతాడు. రెండోసారి ఆడేవాడికి ఆ గోడ మొదటి నిమిషం నుంచే తోడుంటుంది.

సముద్రం ఒడ్డున మారిన్ దుంగ మీద కూర్చుని, తాను సీగల్ పక్షినైతే ఎంత దూరమైనా ఎగిరిపోయేదాన్నని అంటుంది. మొదటిసారి ఆ మాటలు గబగబా బటన్ నొక్కి దాటించేశాను. రెండోసారి నొక్కలేకపోయాను. ఊళ్లో పిల్లలు గేమ్ సేవ్ చేసే పద్ధతి చెప్పి, ‘దానికి అర్థం నన్నడక్కు, నేను పిల్లాణ్ని’ అంటారు. మొదటిసారి అది జోకు. తర్వాత ఎవరి కలలోనో ఎవరో పలికించిన మాటలా వినిపిస్తుంది. ఇక బాస్‌లు, అంటే డంజన్ల చివర కాపలా ఉండే పెద్ద శత్రువులు: విండ్ ఫిష్ లేస్తే ద్వీపంలో సమస్తం పోతుందని వాళ్లు పదేపదే చెబుతారు. మొదటిసారి అది విలన్ బెదిరింపు. రెండోసారి వినతిపత్రం. చెప్పింది నిజమే కదా పాపం!

కథ సరే, ఆటలో కూడా మిగిలింది చాలానే ఉంది. మేబే ఊరి దుకాణంలో దొంగతనం చేయొచ్చు. చేస్తే ఆ తర్వాత గేమంతా జనం మిమ్మల్ని ‘దొంగ’ అనే పిలుస్తారు, మళ్లీ ఆ దుకాణంలోకి వెళ్తే షావుకారు ప్రాణం తీస్తాడు. (రెండోసారి చేశాను. తప్పు నాదే.) చివర గుడ్డులోపల చిక్కుదారి ఉంటుంది. దాని గుట్టు ఊరి లైబ్రరీలో ఒక పుస్తకంలో ఉంది, చదవడానికి భూతద్దం కావాలి. ఒక బొమ్మతో మొదలుపెట్టి వస్తువుకు వస్తువు మార్చుకుంటూ పోతే పద్నాలుగోది ఆ భూతద్దం. పైగా ఆ దారి కొత్తగా మొదలుపెట్టిన ప్రతి ఆటలోనూ ఒకటే కాదు, పాత కాగితం చూసి పోదామంటే కుదరదు. ఒక్కసారి కూడా చావకుండా ముగిస్తే చివర్లో మారిన్‌ది ఒక చిన్న దృశ్యం అదనంగా వస్తుంది. మొదటి ఆటలో అది దక్కేవాళ్లు ఎంతమంది?

రెండు బటన్ల సంగతి. ఇక్కడ సగం ఒప్పుకుంటాను. కత్తి, డాలు సహా అన్నీ ఏ, బీ బటన్లకే తగిలించుకోవాలి. నిమిషానికోసారి మెనూ తెరవాలి. బరువులెత్తే పవర్ బ్రేస్‌లెట్ పెట్టుకోకుండా రాయికి తగిలితే ప్రతిసారీ అదే సందేశం, చిరాకే. కానీ ఏ రెండింటినైనా జతకట్టే స్వేచ్ఛ కూడా అక్కడినుంచే వచ్చింది. పరుగెత్తించే బూట్లు, దూకించే ఈక కలిపితే పరుగెత్తి దూకే లాంగ్ జంప్. బాంబు, విల్లు ఒకేసారి నొక్కితే బాంబు కట్టిన బాణం. ఈ రెండోది గేమ్ ఎక్కడా నేర్పదు.

రీమేక్ గురించి: 2019లో గ్రెజ్జో అనే కంపెనీ నింటెండో స్విచ్ యంత్రానికి చేసింది బాగుంది. కత్తికీ డాలుకీ సొంత బటన్లిచ్చి ఆ మెనూ గొడవ తీర్చింది, కొత్తవాళ్లకి నేను చెప్పేది అదే. కానీ తెర తర్వాత తెరగా ఉన్న ద్వీపాన్ని అది కలిపేసింది, ఇందాక చెప్పిన పది బై ఎనిమిది లెక్క అక్కడ చెదిరింది. డీఎక్స్‌లోని ఫొటో షాపు తీసేసి ఆ చోట డంజన్లు పేర్చుకునే గది పెట్టారు. ఒకదాని పని ఇంకొకటి చేయదు. పాతది దొరకదనీ అనలేరు, 2023 ఫిబ్రవరి నుంచి డీఎక్స్ కూడా నింటెండో చందా సేవ స్విచ్ ఆన్‌లైన్ సభ్యత్వంలో ఉంది.

మూడో ఆటలో నేను ఏడో డంజన్ ఈగిల్స్ టవర్‌లో ఉన్నాను. ఇనుప గుండు మోసుకెళ్లి నాలుగు స్తంభాలు పగలగొడితే పై అంతస్తు కిందికి దిగబడుతుంది. రెండు పగలగొట్టాను. వారమైంది, మిగిలిన రెండింటి జోలికి వెళ్లలేదు.