ముందు దిగేవాళ్ల తరఫున కొన్ని విన్నపాలు

రైలు దువ్వాడ చేరకముందే సీటు కింద నుంచి పెట్టెలన్నీ లాగి, విశాఖ వచ్చేదాకా తలుపు దగ్గర నిలబడే జాతి మనది. విమానం చక్రాలు రన్‌వేని తాకిన శబ్దం, మన సీటు బెల్టు ఊడిన శబ్దం ఒకేసారి వినిపిస్తాయి. ఇంత సాధన ఉన్న ప్రజల్ని పట్టుకుని క్రూయిజ్ ఓడవాళ్లు "మీ వంతు వచ్చేదాకా మెట్ల దగ్గర గుమిగూడవద్దు" అని మైకులో చెబుతున్నారు. దీని మీద ఇంతవరకు ఒక్క ధర్నా అయినా జరగకపోవడం విచారకరం.

విశాఖ వైపు నుంచి లోపం లేదు. సుమారు 96 కోట్ల రూపాయలతో కట్టిన క్రూయిజ్ టెర్మినల్‌ని 2023 సెప్టెంబరులో ప్రారంభించారు. రెండు వేల మంది ప్రయాణికులకు సరిపోతుందన్నారు. 1933 అక్టోబరులో జలదుర్గ ఓడ వచ్చినప్పటి నుంచి ఈ రేవు చూడని సరుకు లేదు. మాంగనీసు, ఇనుప ఖనిజం, బొగ్గు, ఎరువులు. వాటిలో ఏ ఒక్కటీ "నన్ను ముందు దింపండి" అని గొడవ పెట్టుకోలేదు కాబట్టి రేవువాళ్లకి మన సంగతి తెలియకపోవడం సహజమే.

అసలు చిక్కంతా ఓడ దిగే వరుసలో ఉంది. మొదట ఖరీదైన సూట్ గదులవాళ్లు, అదే కంపెనీ ఓడల్లో పదేపదే తిరిగిన పాత ఖాతాదారులు దిగుతారు. వీళ్లది బ్రేక్ దర్శనం. ఆ తర్వాత ఓడలోనే టూరు టికెట్ కొని, చొక్కాకి నంబరు స్టిక్కరు అంటించుకుని థియేటర్లో బుద్ధిగా కూర్చున్నవాళ్లు. వీళ్లది 300 రూపాయల ప్రత్యేక ప్రవేశం. సొంతంగా కారు మాట్లాడుకున్న మనది సర్వదర్శనం. తిరుమల కంపార్టుమెంటులో అయితే పాలూ ప్రసాదమూ అందుతాయి, పైగా పుణ్యం. ఇక్కడ అవేవీ లేవు. ఎమ్మెల్యే గారి సిఫారసు లేఖ తెద్దామన్నా కెప్టెన్‌ది ఏ నియోజకవర్గమో ఎవరికీ తెలియదు.

ఒడ్డుదాకా రాలేక ఓడ సముద్రంలోనే లంగరు వేసే ఊళ్లలో ఈ వరుసకి ఒక అర్థం ఉంది. అక్కడ చిన్న పడవల్లో జనాన్ని దఫదఫాలుగా చేరవేస్తారు, టోకెన్ లేకపోతే తొక్కిసలాటే. విశాఖలో ఓడ నేరుగా రేవుకే కట్టేస్తారు. వంతెన లాంటి మెట్లు వేస్తారు. నడిచి దిగడమే. కాకపోతే కాగితం మీద "రాక ఉదయం 8" అని ఉంటే అది ఓడ రాక, మన రాక కాదు. తాళ్లు కట్టాలి, మెట్లు దించాలి, అధికారులు పైకొచ్చి కాగితాలు చూసి సరేననాలి. అప్పటిదాకా సూట్ గదివాడైనా సామాన్యుడే. మన ప్రజాస్వామ్యంలో అందరూ సమానంగా గడిపే ఆ కాస్త సమయాన్నీ మనవాళ్లు లిఫ్టు బటన్ నొక్కుతూ వృథా చేస్తున్నారు.

ఈ తొందర వెనక ఉన్నది దురాశ అనుకుంటే పొరపాటు. భయం. ఓడవాళ్లు పెట్టిన బస్సు అరకు దారిలోని అనంతగిరి ఘాట్‌లో పంక్చరైతే ఓడ ఆగుతుంది, అందులో ఉన్నది వాళ్ల టికెట్టు. అదే మలుపులో మన బావమరిది ఇన్నోవా పంక్చరైతే ఓడ హారన్ కొట్టి వెళ్లిపోతుంది. 5 గంటలకు కదిలే ఓడలోకి అరగంటో గంటో ముందే ఎక్కేసి ఉండాలి. కరెక్టుగా 5కి పరిగెత్తుకొచ్చి కండక్టర్ని బతిమాలుకోవడం ఆర్టీసీ కాంప్లెక్సులో చెల్లుతుంది, ఓడ ఆగే ఔటర్ హార్బర్లో చెల్లదు. కాబట్టి సొంతంగా తిరిగేవాడు ముందు దిగుతాననడం ఆత్మరక్షణ కిందికే వస్తుంది. న్యాయకోవిదులు పరిశీలించాలి.

ఇప్పుడు ఆ హక్కుని మనం ఎలా వాడుకుంటున్నామో చూద్దాం. పుట్టిల్లు విశాఖ, కాపురం చెన్నై అయిన ఇల్లాలి కుటుంబం ఒకటి చెన్నైలో, విశాఖ మీదుగా పుదుచ్చేరి వెళ్లే ఓడెక్కిందనుకోండి. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఆయన తల్లి. పెద్దావిడ మోకాళ్ల నొప్పులు చూపించి అందరికంటే ముందు దిగొచ్చని ఆయన రాత్రే పథకం వేశాడు. ఆవిడ పొద్దున్నే లేచి, జనమంతా మెట్ల దగ్గరే ఉన్నారని, ఓడలో టిఫిన్ హాలు ఖాళీగా ఉందని, దోసెలు వేడివేడిగా వస్తున్నాయని గమనించి "నేను రాను, మీరెళ్లండి" అంది. పథకం పోయింది. అయినా మోచేతుల బలంతో ఆ నలుగురూ అరగంట ముందే ఒడ్డున పడ్డారు. విజయగర్వంతో ఫోన్ చేస్తే బావమరిది చెప్పిన మాట: "బావా, గేటు దగ్గరే ఉన్నాను. పాస్ లేదని కారు లోపలికి వదలట్లేదు." సంపాదించిన అరగంట, దాని మీద వడ్డీ, అక్కడే ఖర్చయిపోయాయి.

సరే, అందరూ గేటు బయటే కలుసుకున్నారు. ఎక్కడికి వెళ్తారు? బొర్రా గుహలు 90 కిలోమీటర్ల దూరం, తలుపులు తెరిచేది 10 గంటలకు. అరకు ఇంకా పైన. అరకు మీదుగా వెళ్లే కిరండూల్ రైలు మన ఓడ కోసం ఆగకుండా పొద్దున్నే దారిపట్టింది. ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ బండి సాయంత్రానికి గానీ రంగంలోకి దిగదు. చివరికి బీచ్‌లో మ్యూజియంగా మార్చిన కురుసుర సబ్‌మెరైన్ చూద్దామంటారు. ఓడలోంచి తోసుకుంటూ దిగింది ఇంకో ఓడ ఎక్కడానికా అని పిల్లలు అడుగుతారు, జవాబు ఉండదు. 2002 నుంచి ఇసుక మీదే ఉంది అది, ఎంత ఆలస్యంగా వెళ్లినా వదిలేసి వెళ్లిపోదు. అయితే సోమవారం మాత్రం సెలవు. మనవాళ్ల ఓడ వచ్చింది సోమవారమే.

మధ్యాహ్నం బావమరిది ఇంట్లో భోజనం. పులస లేదని బావమరిది భార్య నొచ్చుకుని వంజరం పులుసు, రొయ్యల వేపుడు, పైన పెరుగు పెట్టాక, పది నిమిషాలు నడుం వాల్చకుండా లేచినవాణ్ని విశాఖ మర్యాద మనిషిగా గుర్తించదు. నాలుగున్నరకి మెలకువ వస్తుంది. మిగతా కథంతా కాన్వెంట్ జంక్షన్ దగ్గర లారీల వెనకే నడుస్తుంది. ఈ సమయంలో పై డెక్కుల మీద జనం ఐస్‌క్రీములు పట్టుకుని రెయిలింగ్ దగ్గరకి చేరతారు. ఆలస్యమైనవాళ్లు రేవు మీద పరిగెడుతుంటే చప్పట్లు కొట్టడం క్రూయిజ్‌లో ఉచిత వినోదాల్లో ఒకటి.

ఓడ కదిలాక ఒడ్డున మిగిలిపోయినవాళ్లు సొంత ఖర్చుతో తర్వాతి రేవుకి చేరుకోవాలన్నది నిబంధన. మనవాళ్లకి ఆ బాధ లేదు, బావమరిది ఇల్లు సీతమ్మధారలోనే. సూట్‌కేసులు, బీపీ మాత్రలు, పెద్దావిడ మాత్రం పుదుచ్చేరి వైపు వెళ్తున్నాయి. సిగ్నల్ పోయేలోపు కొడుకు కంగారుగా ఫోన్ చేస్తే ఆవిడ అంది: "నువ్వేం టెన్షన్ పడకురా. ఇవాళ రాత్రికి గులాబ్ జామూన్ ఉందట. మీరు నిదానంగా రండి."